రంగస్థల వనితారత్నం ఆంటనెట్ పెర్రీ

లోకంలో తమ పేరు నిలవాలని కొందరు కోటలు కట్టించారు. మరికొందరు శిలాశాసనాలు చెక్కించారు. అట్టి ప్రయత్నమేదీ చేయకుండానే, కన్నుమూసిన తరువాత తోటివారి కృతజ్ఞత వల్ల మాత్రమే పేరు నిలిచినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఒకరు అమెరికా దేశపు నటీమణి, దర్శకురాలు ఆంటనెట్ పెర్రీ. ఏటేటా న్యూయార్కు నగరంలో ఉత్తమ నాటకాలకూ, సంగీత నాటకాలకూ ఇచ్చే టోనీ పురస్కారాలను గురించి పత్రికలు చదివే విద్యార్థులలో కొందరైనా విని ఉంటారు. చలనచిత్రాలకు ఆస్కార్ ఎట్టిదో రంగస్థలానికి టోనీ అట్టిది. అయితే టోనీ అన్నది ఆంటనెట్ పెర్రీని ఆత్మీయులు పిలుచుకొన్న ముద్దుపేరు అని ఎరిగినవారు అరుదు.

మన కళాశాల వార్షికోత్సవాలలో ఉర్దూ నాటికలూ, తెలుగు నాటికలూ ఒకే వేదికపై ప్రదర్శింపబడటం, చివర విజేతలకు బహుమతులు పంచడం మనందరికీ పరిచితమే. బహుమతి అందుకొన్నవారికి చప్పట్లు మోగుతాయి. ఆ బహుమతికి ఎవరి పేరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగేవారు ఉండరు. ఆ కొరతను కొంతవరకైనా తీర్చాలనే ఉద్దేశంతో మేము ఈ మహిళ జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆంటనెట్ పెర్రీ 1888వ సంవత్సరం జూన్ 27వ తేదీన అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు ముఖ్యపట్టణమైన డెన్వరులో జన్మించారు. తండ్రి న్యాయవాది. కుటుంబం కలిగినది. సాధారణంగా అట్టి కుటుంబాలలోని ఆడపిల్లలు చదువుకొని, సంగీతం నేర్చుకొని, వివాహం చేసుకొని గృహిణులుగా స్థిరపడేవారు. కాని ఈ బాలికకు ఒక అదృష్టం కలిగింది. ఆమె పిన్నమ్మ, ఆమె భర్త ఇద్దరూ నటులు. ఊరూరా తిరిగి నాటకాలాడే ఆ దంపతుల వెంట సెలవు దినాలలో ఈ పిల్ల కూడ వెళ్ళేది. తెర వెనుక దీపాలూ, రంగు పూసుకొనే అద్దాలూ, సామాను పెట్టెలూ ఆమెకు బాల్యంలోనే పరిచయమైనాయి. నటి కావాలనే సంకల్పం ఆ ప్రయాణాలలోనే నాటుకొన్నది.

1905లో, పదిహేడవ ఏట, ఆమె షికాగో నగరంలో మొదటిసారి వేషం కట్టారు. ఆ నాటకం పేరు మిసెస్ టెంపుల్స్ టెలిగ్రామ్. మరుసటి సంవత్సరమే ఆనాటి ప్రసిద్ధ నటుడు డేవిడ్ వార్‌ఫీల్డ్ సరసన ద మ్యూజిక్ మాస్టర్ నాటకంలో నటించే అవకాశం వచ్చింది. 1907లో ఆయనతోనే ఎ గ్రాండ్ ఆర్మీ మాన్ నాటకంలో నటించారు. న్యూయార్కులో కొత్తగా కట్టిన ఒక నాటకశాలకు ఆ నాటకంతోనే ప్రారంభోత్సవం జరిగింది. సుప్రసిద్ధ ప్రయోక్త డేవిడ్ బెలాస్కో కట్టించిన ఆ నాటకశాల తరువాత ఆయన పేరుతోనే ప్రసిద్ధి చెందినది. పందొమ్మిదేండ్ల యువతికి ఇంతకన్న ఉజ్జ్వలమైన ఆరంభం ఎక్కడిది!

అయితే ఆ వెలుగు త్వరలోనే ఆగిపోయింది. 1909లో ఆమె ఫ్రాంక్ ఫ్రూయాఫ్ అనే డెన్వరు వ్యాపారిని వివాహమాడి రంగస్థలం వదలివేశారు. గ్యాసు, విద్యుచ్ఛక్తి కంపెనీలలో పెద్ద అధికారి అయిన ఆయన కాలక్రమాన అపారమైన సంపదను గడించారు. ఆ దంపతులకు ముగ్గురు కుమార్తెలు కలిగారు. వారిలో ఒకరు శైశవంలోనే మరణించారు. ఇరవై ఒక్క ఏటనుండి ముప్పై అయిదు ఏండ్లు నిండేవరకు, అంటే నటీమణుల జీవితంలో అత్యంత విలువైనదని లోకం భావించే కాలమంతా ఆమె గృహిణిగానే గడిపారు. ఆ కాలంలో కూడ కళాకారులకూ, రచయితలకూ ఆమె ఇంటి తలుపులు తెరిచే ఉండేవి. నాటకాన్ని ఆమె వదిలారే గాని నాటకం ఆమెను వదలలేదు.

1922లో భర్త అకస్మాత్తుగా మరణించారు. పెద్ద కూతురు మార్గరెట్‌కు అప్పటికి తొమ్మిదేండ్లు. చిన్నది ఎలైన్ ఇంకా పసిబిడ్డ. భర్త విడిచిపోయిన ఆస్తి జీవితాంతం ఏ లోటూ లేకుండ బ్రతకడానికి చాలినది. ఇక ఆమె ఏ పనీ చేయనవసరం లేదు. నిజానికి ఇక్కడే ఆమె జీవితంలోని అసలు పరీక్ష మొదలైనదని మా అభిప్రాయం. బీదరికం మనిషిని పనికి పురికొల్పుతుంది. ఐశ్వర్యం పనిని మరిపిస్తుంది. దుఃఖంలో ఉన్న సంపన్నురాలైన వితంతువు ఇంటి నాలుగు గోడల మధ్య కాలం వెళ్ళబుచ్చినా ఎవరూ తప్పు పట్టి ఉండరు. ఆమె అట్లా చేయలేదు. పదిహేనేండ్ల విరామం తరువాత, 1924లో మళ్ళీ ముఖానికి రంగు పూసుకొన్నారు.

ఆమె పునఃప్రవేశం మిస్టర్ పిట్ అనే నాటకంతో జరిగింది. దానిని రచించినవారు జోనా గేల్. నాటక రచనకు పులిట్జర్ బహుమానం పొందిన మొదటి మహిళ ఆమెయే. ఆ గౌరవం 1921లో లభించినది. ఆ నాటకాన్ని ప్రదర్శింపజేసినది బ్రాక్ పెంబర్టన్ అనే ప్రయోక్త. ఆయన కాన్సాస్ రాష్ట్రం నుండి వచ్చిన పూర్వపు పత్రికా రచయిత. ఈ పరిచయమే పెర్రీ భవిష్యత్తును మార్చివేసింది. ఆ తరువాత మూడు నాలుగేండ్లలో ఆమె అనేక పాత్రలు ధరించారు. వాటిలో 1926లో ఆరంభమైన ద లాడర్ అనే నాటకం విచిత్రమైనది. పునర్జన్మ దాని ఇతివృత్తం. విమర్శకులు దానిని తిరస్కరించారు; ప్రేక్షకులు రాలేదు. అయినా దానికి పెట్టుబడి పెట్టిన ధనికుడు తన నమ్మకం వదులుకోక, చివరకు ఉచితంగా ప్రవేశం కల్పించి నెలల తరబడి ఆడించాడు. డబ్బు ఉన్నంత మాత్రాన నాటకం బ్రతకదన్న సత్యం పెర్రీకి ఆ అనుభవం వల్ల స్పష్టంగా తెలిసి ఉండాలి.

1928 నుండి ఆమె దృష్టి నటన నుండి దర్శకత్వం వైపు మళ్ళింది. ఆ రోజులలో స్త్రీ వేదికపై పాడవచ్చు, ఆడవచ్చు, కంటతడి పెట్టించవచ్చు. కాని వేదిక ముందు కుర్చీలో కూర్చుండి, ఇక్కడ నిలబడు, ఇంత గట్టిగా పలుకు, ఇక్కడ ఆగు అని పురుష నటులకు చెప్పే అధికారం స్త్రీకి అరుదుగా లభించేది. బ్రాడ్వే నాటకశాలలలో ఆ పనిని వృత్తిగా చేసిన మహిళలను వ్రేళ్ళపై లెక్కించవచ్చు. పెంబర్టన్ ప్రయోక్తగా, పెర్రీ దర్శకురాలిగా ఏర్పడిన ఆ జంట సుమారు పద్దెనిమిదేండ్లు కలిసి పనిచేసింది.

వారి మొదటి ఘనవిజయం 1929 సెప్టెంబరులో వచ్చింది. స్ట్రిక్ట్‌లీ డిసానరబుల్ అనే ఆ హాస్య నాటకాన్ని వ్రాసిన యువకుడు ప్రెస్టన్ స్టర్జెస్ తరువాత చలనచిత్ర దర్శకుడుగా గొప్ప పేరు పొందాడు. ఆ నాటకం 557 ప్రదర్శనలు నోచుకొన్నది. పెర్రీ పెద్ద కూతురు మార్గరెట్ కూడ కొంతకాలం అందులో నాయిక పాత్ర ధరించింది. కాని ఆ విజయోత్సాహం ఇంకా తాజాగా ఉండగానే, అక్టోబరు మాసంలో న్యూయార్కు వాటాల బజారు కుప్పకూలింది. లక్షలాది కుటుంబాల వలెనే పెర్రీ కూడ భారీగా నష్టపోయారు. భర్త ఇచ్చిపోయిన ఆస్తిలో చాలా భాగం కరిగిపోయింది. అంతవరకు ఇష్టం కొద్దీ చేసిన పని ఇకపై అవసరం కొద్దీ కూడ చేయవలసివచ్చింది.

ఆర్థిక మాంద్యం తాండవించిన ఆ దశాబ్దంలో అనేక నాటకశాలలు మూతపడ్డాయి. వేలాది నటులు వీధిన పడ్డారు. అటువంటి కాలంలో పెర్రీ దర్శకత్వం వహించిన పర్సనల్ అపియరెన్స్ 1934లో ఆరంభమై 501 ప్రదర్శనలు సాగింది. 1935లో విమాన చోదకుల జీవితాన్ని చిత్రించే సీలింగ్ జీరో, 1938లో కిస్ ద బాయ్స్ గుడ్‌బై, 1942లో జేనీ నాటకాలు వచ్చాయి. వాటిలో జేనీ ఒక్కటే 642 ప్రదర్శనలకు నిలిచింది. ఒక నాటకం ఆడినన్నాళ్ళూ నటులకే కాక, తెర లాగేవారికి, దీపాలు వేసేవారికి, దుస్తులు కుట్టేవారికి, టిక్కెట్లు అమ్మేవారికి కూడ అన్నం దొరుకుతుంది. మాంద్యపు రోజులలో నాటకం విజయవంతం కావడమంటే డజన్ల కొద్దీ ఇళ్ళలో పొయ్యి వెలగడమే.

ఆమె తన విజయంతో తృప్తి పడలేదు. కొత్తగా వచ్చే యువతీ యువకులకు అవకాశం ఎట్లా దొరుకుతుందన్న చింత ఆమెను వదలలేదు. సిఫారసు లేనివారికి నాటకశాలల తలుపులు తెరుచుకోని రోజులవి. అందుచేత ఆమె ఔత్సాహిక నటులకు నటనా పరీక్షలు జరిపే కార్యక్రమాన్ని తన భుజాన వేసుకొన్నారు. ఊరూ పేరూ లేని వేలాది యువజనుల అభినయాన్ని ఓపికతో చూశారు. కొత్త రచయితల నాటకాలను తక్కువ ఖర్చుతో ప్రదర్శించి చూసే ప్రయోగ నాటక సంస్థకు 1941 నుండి అధ్యక్షత వహించారు. కష్టంలో ఉన్న కళాకారులకు ఆమె చేసిన గుప్తదానాలు అనేకం.

ఆమె జీవితాన్ని చెప్పేటప్పుడు ఒక లోపాన్ని కూడ దాచరాదని భావిస్తున్నాము. గుర్రప్పందేల పట్ల ఆమెకు విపరీతమైన మోజు ఉండేది. రిహార్సళ్ళ మధ్యలో, సమావేశాల మధ్యలో కూడ పందెం కాసేవారట. గెలిచిన సొమ్ము ఏదో ఒక నాటకానికి పెట్టుబడిగా పోయేదని ఇంటివారే చెప్పినా, జూదం జూదమే. మహనీయుల జీవితాలలో అనుకరించదగినవీ, వదలివేయదగినవీ రెండూ ఉంటాయి. వేరుచేసి చూసుకోవడం చదువరుల బాధ్యత.

రెండవ ప్రపంచ యుద్ధం ఆమె జీవితంలో చివరి ఘట్టానికి, మా దృష్టిలో అత్యున్నత ఘట్టానికి, తెర తీసింది. మొదటి యుద్ధకాలంలో, 1917లో, రేచల్ క్రోథర్స్ అనే నాటక రచయిత్రి మొదలైన కొందరు రంగస్థల మహిళలు సైనికుల సహాయార్థం ఒక సంఘాన్ని స్థాపించి ఉన్నారు. మళ్ళీ యుద్ధమేఘాలు కమ్మగానే ఆ సంఘానికి ప్రాణం పోసి, అమెరికన్ థియేటర్ వింగ్ అనే పేరుతో నిలబెట్టినవారిలో పెర్రీ ముఖ్యులు. కార్యవర్గానికి అధ్యక్షురాలిగా, కార్యదర్శిగా ఆమె రాత్రింబవళ్ళు శ్రమించారు.

ఆ సంస్థ చేపట్టిన పనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్టేజ్ డోర్ కాంటీన్. 1942 మార్చి 2వ తేదీన న్యూయార్కులోని 44వ వీధి నాటకశాల నేలమాళిగలో దానిని తెరిచారు. యుద్ధరంగానికి పోయే సైనికులకు అక్కడ ఉచితంగా భోజనం పెట్టేవారు. ఆటపాటలతో వినోదం కలిగించేవారు. మద్యం మాత్రం ఇచ్చేవారు కారు. వేలకు వేలు పారితోషికం పుచ్చుకొనే నటీనటులు అక్కడ వడ్డన చేశారు, ఎంగిలి పళ్ళాలు తీశారు. ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. హోటళ్ళలో, రైళ్ళలో, పాఠశాలలలో వివక్ష రాజ్యమేలుతున్నది. అట్టి కాలంలో ఆ నేలమాళిగలో నల్ల సైనికుడూ, తెల్ల సైనికుడూ ఒకే బల్ల వద్ద కూర్చుండి తిన్నారు. ఈ సమతను అక్కడి నియమంగా పాటించారు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొంటున్న మనకు ఈ ఒక్క విషయం ఎంత విలువైనదో వేరుగా వివరింప పనిలేదు.

ఆ కాంటీన్‌కు లభించిన ఆదరణ చూసి ఇతర నగరాలలో కూడ అట్టివి వెలిశాయి. 1943లో దాని పేరుతోనే ఒక చలనచిత్రం తీశారు. దాని ద్వారా వచ్చిన ఆదాయం సంస్థ సేవలకు తోడ్పడింది. సంస్థ పక్షాన 1944లో సుప్రసిద్ధ నటి కాథరిన్ కార్నెల్ బృందం ఐరోపా యుద్ధభూములకు వెళ్ళి సైనికుల ముందు పూర్తి నిడివి నాటకాన్ని ప్రదర్శించింది. ఆస్పత్రులలో గాయపడి పడి ఉన్నవారి మంచాల వద్దకు కూడ కళాకారులు వెళ్ళారు.

ఈ సేవల నడుమనే పెర్రీ తన జీవితంలోని అతి పెద్ద విజయాన్ని సాధించారు. మేరీ చేజ్ అనే రచయిత్రి వ్రాసిన హార్వే నాటకం 1944 నవంబరు 1వ తేదీన ప్రదర్శనకు వచ్చింది. ఈ రచయిత్రి కూడ డెన్వరు ఆడపడుచే. మనుషులకు కనబడని నిలువెత్తు తెల్లని కుందేలుతో స్నేహం చేసే సాత్వికుడైన ఒక మనిషి కథ అది. వేదికపై ఎన్నడూ కనిపించని కుందేలును ప్రేక్షకులచే నమ్మించడం దర్శకుని చాతుర్యానికి కఠిన పరీక్ష. పెర్రీ ఆ పరీక్షలో నెగ్గారు. యుద్ధపు వార్తలతో బరువెక్కిన గుండెలతో వచ్చిన జనం కడుపుబ్బ నవ్వుకొని ఇళ్ళకు వెళ్ళారు. 1945లో ఆ నాటకానికి పులిట్జర్ బహుమానం లభించింది. 1949 జనవరి వరకు 1775 ప్రదర్శనలు జరిగాయి. ఆ చివరి ప్రదర్శనలు చూడటానికి దర్శకురాలు మాత్రం లేరు.

కొంతకాలంగా ఆమె గుండె బలహీనపడుతూ వచ్చింది. తన మతవిశ్వాసాన్ని బట్టి ఆమె వైద్యులను ఆశ్రయించడానికి ఇష్టపడలేదు. విశ్రాంతి తీసుకోలేదు. 1946 జూన్ 28వ తేదీన, యాభై ఎనిమిదవ పుట్టినరోజు గడిచిన మరునాడే, గుండెపోటుతో కన్నుమూశారు. న్యూయార్కు నగరంలోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఆమెను సమాధి చేశారు. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులకు రంగస్థల విద్య నేర్పే పాఠశాలను ఆమె సంస్థ ఆ సంవత్సరమే ప్రారంభించింది.

మిత్రులు ఆమెకు స్మారకంగా ఏమి చేయవలెనని ఆలోచించారు. రాతి విగ్రహం కన్న, ఏటేటా రంగస్థలంలో శ్రేష్ఠమైన కృషి చేసినవారిని సన్మానించడమే ఆమె జీవితానికి తగిన గుర్తు అని నిశ్చయించారు. 1947 ఏప్రిల్ 6వ తేదీ, ఈస్టరు పండుగనాడు, వాల్డార్ఫ్ అస్టోరియా హోటలులో మొదటి ఆంటనెట్ పెర్రీ పురస్కార సభ జరిగింది. రచయిత ఆర్థర్ మిల్లర్, దర్శకుడు ఎలియా కజాన్, నటీమణులు హెలెన్ హేస్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, నటుడు హోసే ఫెరర్ మొదలైనవారు ఆ రాత్రి సన్మానితులైనారు. నటులు భోజనం చేసే సార్డీ హోటలు యజమానికి కూడ ప్రత్యేక సన్మానం జరిగింది. అప్పటికి పతకం లేదు. ప్రశంసాపత్రంతోబాటు పురుషులకు సిగరెట్ లైటరు వంటివి, స్త్రీలకు పౌడరు భరిణె బహూకరించారు. హాస్య, విషాద ముఖాలు ఒకవైపు, పెర్రీ ముఖచిత్రం మరొకవైపు గల పతకం 1949లో వచ్చింది. దాని రూపశిల్పి హెర్మన్ రోస్. పెంబర్టన్ తన సహచరిని పిలిచిన ముద్దుపేరే పురస్కారానికి నిలిచిపోయింది. 1967 నుండి ఈ సభను టెలివిజన్ ద్వారా అమెరికా దేశమంతా చూడగలిగింది. కనీసం 500 ఆసనాలు గల బ్రాడ్వే నాటకశాలలలో ప్రదర్శింపబడినవే ఈ పోటీకి అర్హములు.

ఈ పురస్కార చరిత్రలో సంతోషించదగినదీ, సిగ్గుపడదగినదీ రెండూ ఉన్నాయి. 1950లోనే జువానిటా హాల్ అనే నల్లజాతి నటీమణికి టోనీ లభించింది. స్టేజ్ డోర్ కాంటీన్ స్ఫూర్తికి అది తగిన ఫలమే. కాని ఒక దర్శకురాలి పేరు మోసే ఈ పురస్కారం దర్శకత్వానికి గాను ఒక స్త్రీ చేతికి రావడానికి 51 ఏండ్లు పట్టింది. 1998లో నాటక దర్శకత్వానికి గారీ హైన్స్, సంగీత నాటక దర్శకత్వానికి జూలీ టేమర్, ఇద్దరూ ఒకే రాత్రి ఆ గౌరవం పొందారు. పేరు పెట్టి గౌరవించడం సులభం. ఆ పేరు గల మనిషి నడిచిన బాటను ఇతరులకు తెరవడం కష్టం. ఆ అర్ధశతాబ్దపు ఆలస్యం మనకు ఈ సత్యాన్ని బోధిస్తున్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆంటనెట్ పెర్రీ మహారచయిత్రి కారు. ఆమె తీర్చిదిద్దిన నాటకాలలో చాలా భాగం ఈనాడు ఎవరూ ఆడరు. దర్శకుని పని నీటిమీది రాత వంటిది. తెర పడగానే అది అదృశ్యమవుతుంది. అయినా ఆమె పేరు నిలిచింది. అవసరం లేనప్పుడు కూడ పని చేసినందుకు, తనకు దొరికిన స్థానంలో నిలబడి ఇతరులకు చోటు కల్పించినందుకు, ఒకే బల్ల వద్ద అందరికీ అన్నం పెట్టినందుకు నిలిచింది. మన కళాశాల వేదికపై రేపు తెర లేచినప్పుడు, ముందు నిలబడినవారితోబాటు తెర త్రాడు పట్టుకొన్న చేతులను కూడ మనం తలుచుకొందుము గాక. మన విద్యార్థినులలో ఒకరు వేషం కట్టడమే గాక నాటకానికి దర్శకత్వం కూడ వహించే రోజు త్వరలోనే రావాలని, ఆ రోజున కళాశాల సంఘం వారు ఆమెకు సంతోషంతో చోటు ఇవ్వాలని మేము ఆకాంక్షిస్తున్నాము.